పెదవి తాకిన మట్టి

బెంగళూరులో బెళ్ళందూరు చుట్టుపక్కల కెఫేల్లో పచ్చటి మాచా, అంటే జపాన్ తేయాకు పొడితో చేసే తేనీరు, ఇప్పుడు వింత కాదు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి సర్జాపూర్ రోడ్డు దాకా మట్టిపని నేర్పే స్టూడియోలు వెలిశాయి. వారాంతం వస్తే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు చేతులకు బురద పూసుకుని చక్రం ముందు కూర్చుంటున్నారు. వాళ్ళలో తెలుగువాళ్ళకు కొదవ లేదు. జపాన్ తేనీటి వేడుక గిన్నెకు, అంటే చవాన్‌కు, ఇక్కడ మోజు పెరిగింది. అంచు కాస్త వంకరగా, పూత కాస్త కారినట్టుగా ఉంటే చాలు, ఆ పేరుతో అమ్ముడుపోతోంది.

ఈ గిన్నెను గొప్పది చేసిందెవరు? చేసిన కుమ్మరా, ఏరి పక్కన పెట్టిన రసికుడా, తరతరాలుగా అందులో తాగుతూ వచ్చిన పెదవులా? నూరేళ్ళుగా పండితులు, కళాకారులు దీని మీద వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు మూడో జవాబే బలంగా తోస్తోంది. మన ఊళ్ళ కుండలకు జరిగిందేమిటో కూడా ఆ జవాబు వైపు నుంచి చూస్తేనే అర్థమవుతుంది.

తేనీరూ, తేనీటి గిన్నే రెండూ జపాన్‌కు చైనా నుంచే వచ్చాయి. 1191లో చైనా నుంచి తిరిగొచ్చిన ఎయిసాయి అనే బౌద్ధ భిక్షువు తేయాకు విత్తనాలు తెచ్చాడంటారు. తేనీరు ఆరోగ్యానికి చేసే మేలు మీద 1211లో ఆయనే పుస్తకం రాశాడు. ఆ కాలపు ప్రభువులకు ఫూజియన్ కొండల్లోని జియన్ బట్టీల నల్ల గిన్నెలంటే ప్రాణం. జపాన్‌లో వాటిని తెన్మోకు అంటారు. నల్లటి పూత లోపల నీలి చుక్కలు నక్షత్రాల్లా మెరిసే యోహెన్ తెన్మోకులు మూడింటిని జపాన్ జాతీయ నిధులుగా ప్రకటించింది. చైనాలోనే లాంగ్‌చువాన్ బట్టీలు కాల్చిన లేతాకుపచ్చ సెలడాన్ పాత్రలకూ అంతే గౌరవం దక్కింది.

ఆ సెలడాన్ మన తీరానికీ వచ్చింది. నెల్లూరు తీరంలోని కొత్తపట్నంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం జరిపిన తవ్వకాల్లో 13, 14 శతాబ్దాల చైనా పాత్రల పెంకులు బయటపడ్డాయి. కాకతి గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లిలోనూ చైనా పెంకులు దొరికాయి. అంటే ఆ సరుకు కాకతీయుల నాటి తెలుగు వర్తకుడి చేతిలోనూ పడింది, జపాన్ ప్రభువు చేతిలోనూ పడింది. అక్కడ పట్టుగుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకున్నారు. ఇక్కడ పగిలాక పారేసిన పెంకులు మాత్రం మిగిలాయి. తేడా పాత్రలో లేదు.

15వ శతాబ్దంలో మురాతా జుకో, ఆయన తర్వాత తకెనో జోఓ, ఈ చైనా వైభవానికి పక్కన జపాన్ పల్లెల ముతక మట్టిపాత్రలనూ పెట్టడం మొదలుపెట్టారు. బిజెన్, షిగరకి లాంటి ఊళ్ళలో రైతులు విత్తనాలు, నీళ్ళు పోసుకునే కుండలు అలా తేనీటి గదిలోకి నడిచొచ్చాయి. వాళ్ళ బాటను చివరిదాకా తీసుకెళ్ళినవాడు సెన్ నో రిక్యూ (1522-1591). ఆయన తేనీటి గది రెండు చాపలంత చోటుకు కుదించుకుపోయింది. ఆ చీకటి గదికి, ఆ మౌనానికి సరిపడే గిన్నె కావలసి వచ్చింది. దాన్ని చేసినవాడు చోజిరో. క్యోటోలో ఇళ్ళ కప్పులకు పెంకులు చేసే వృత్తిలోంచి వచ్చిన మనిషి. 1574 నాటి తేదీ ఉన్న ఆయన సింహపు పెంకు ఇప్పటికీ ఉంది.

చోజిరో గిన్నె చక్రం ఎక్కదు. ముద్దను అరచేతుల్లో ఒత్తి లేపి, ఆరాక కత్తితో చెక్కుతారు. నల్ల గిన్నె పూతకు కామో నది రాళ్ళను పొడి చేస్తారు. బొగ్గుల మధ్య తిత్తులు ఊదుతూ ఒక్కొక్క గిన్నెనే కాల్చి, ఎర్రగా మండుతుండగానే పట్టకారుతో బయటికి లాగుతారు. ఒక్కసారిగా చల్లబడడంతో ఆ పూత గాజులా మెరవకుండా మందమైన నలుపుగా నిలిచిపోతుంది. మెత్తటి మట్టి, మందమైన గోడ. లోపలి వేడి చేతికి చురుక్కుమనదు, నెమ్మదిగా తెలుస్తుంది. దాన్ని రెండు చేతులతో ఎత్తుకోవాలి తప్ప వేళ్ళతో పట్టుకోవడం కుదరదు. ఈ సంగతి చాలామంది రాయరు కానీ నాకు ఇదే ముఖ్యమనిపిస్తుంది: తాగేవాడి చేతులు ఎలా ఉండాలో ఆ గిన్నే నిర్ణయిస్తుంది. అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి కట్టించిన జురాకుదై భవనం పేరు నుంచి ఈ పాత్రలకు రాకు అన్న పేరొచ్చిందంటారు. అదే ఆ ఇంటి పేరయింది. 2019లో ఆ ఇంటి పదహారో తరం వారసుడు కిచిజయెమోన్ అన్న వంశనామం అందుకున్నాడు. ఒకే ఇంట్లో నాలుగున్నర శతాబ్దాలుగా అదే పని!

బెంగళూరు స్టూడియోల్లో రాకు పేరుతో ఎక్కువగా నేర్పేది ఇది కాదు. కాలుతున్న పాత్రను రంపపు పొట్టులోనో ఎండుటాకుల్లోనో పడేసి, పొగతో రాగి మెరుపులు, నల్లటి పగుళ్ళు తెప్పించే పద్ధతి 1960లో కాలిఫోర్నియాలో పాల్ సోల్డ్‌నర్ ప్రయోగాలతో మొదలైంది. దానికి మూలం బెర్నార్డ్ లీచ్ అనే ఆంగ్లేయుడు. 1911లో టోక్యోలో ఒక విందులో అతిథులంతా పాత్రలకు రంగులు వేసి అక్కడికక్కడే రాకు కాల్చుకున్నారు. ఆ సరదాలోంచి లీచ్ జీవితకాలపు వృత్తి పుట్టింది, ఆయన పుస్తకాల ద్వారా రాకు అమెరికా చేరింది. సోల్డ్‌నర్ పద్ధతి అందమైనది, చూడ్డానికి ఉత్సాహమైనది. కానీ అందులో వచ్చే పాత్ర నీరు పీలుస్తుంది, దాని పూత పగుళ్ళుబారి ఉంటుంది. తాగడానికి పనికిరాదని మంచి గురువులు ముందే చెబుతారు. తాగడం కోసమే పుట్టిన పేరు తాగకూడని వస్తువుకు అంటుకుంది. ఈ రెంటినీ వేర్వేరుగా చెప్పి నేర్పాలని నేను గట్టిగా కోరుకుంటాను.

రిక్యూ తర్వాత అభిరుచి మారింది. ఆయన శిష్యుడు ఫురుతా ఒరిబె (1544-1615) కావాలనే వంచిన, చెప్పు ఆకారంలో నొక్కిన గిన్నెలను, ఆకుపచ్చ పూతను, తోచినట్టు గీసిన గీతలను మెచ్చుకున్నాడు. ఆ పాత్రలకు ఆయన పేరే నిలిచింది. పాలమీగడ లాంటి పూత ఉన్న షినో గిన్నెలూ ఆ కాలానివే. వాటిని సెతోలో చేశారని అందరూ నమ్మేవారు. 1930లో అరకావా తొయోజో అనే కుమ్మరి మినో ప్రాంతపు పాత బట్టీ దగ్గర షినో పెంకు ఒకటి ఏరేసరికి చరిత్ర తిరగరాయాల్సి వచ్చింది. గురువు రిక్యూనూ శిష్యుడు ఒరిబెనూ కూడా పాలకుల ఆజ్ఞ మీద కడుపు కోసుకుని చనిపోయేలా చేశారు. తేనీటి గది ప్రశాంతత గురించి మాట్లాడేటప్పుడు ఇదీ గుర్తుండాలి.

ఇక కొరియా సంగతి. ఇదో అనే కొరియా గిన్నెలను జపాన్ తేనీటి లోకం అన్నిటికన్నా పైన కూర్చోబెట్టింది. బిస్కెట్ రంగు, గరుకు పూత, పాదం దగ్గర ముడుచుకున్న చర్మం లాంటి బొబ్బలు. చూస్తే ఏ సంతలోనో కొన్న అన్నం గిన్నె అనిపిస్తుంది. వీటిలో అగ్రగణ్యమైన కిజయెమోన్ ఇదో క్యోటోలో దైతోకు-జి ఆలయపు కోహో-అన్‌లో ఉంది, అదీ జాతీయ నిధే. 1931లో దాన్ని పెట్టెలో పెట్టె తెరిపించి చూసిన యానగి సోయెత్సు, ఇది పేదవాడి గిన్నె, పేరు కోసం పాకులాడని కుమ్మరి చేసింది కనుకే ఇంత నిర్మలంగా ఉంది అని రాశాడు. 1925 ప్రాంతంలో మొదలైన ఆయన మింగెయ్ ఉద్యమానికి, అంటే సామాన్యుల చేతిపనులను నెత్తిన పెట్టుకున్న ఉద్యమానికి, ఈ గిన్నె దాదాపు దేవతామూర్తి.

యానగి మాటల్లో నాకు నచ్చేది ఎంతో ఉంది. కానీ సగమే నిజం. ఇదో గిన్నెలు అన్నం గిన్నెలన్న మాటను తర్వాత కొరియాలో కొందరు కాదన్నారు, పూజలకు వాడిన పాత్రలని వాదించారు. అంతకన్నా పెద్ద లోటు ఇంకొకటి. ఆ అనామక కుమ్మరి అనామకుడిగా ఉండాలని కోరుకున్నాడని మనకెవరు చెప్పారు? 1592 నుంచి 1598 వరకు హిదెయోషి సేనలు కొరియా మీద పడ్డాయి. వెనక్కి వెళ్తూ జపాన్ ప్రభువులు కుమ్మరులను కుటుంబాలతో సహా పట్టుకుపోయారు. హగి బట్టీలను మొదలుపెట్టింది అలా వచ్చిన అన్నదమ్ములు. అరితాలో తెల్లమట్టి కనిపెట్టి జపాన్‌లో పింగాణీకి నాంది పలికినవాడిగా యీ సామ్‌ప్యోంగ్ పేరు చెబుతారు. సత్సుమాలో కొరియా ఇంటిపేరుతోనే పదిహేను తరాలుగా మట్టిపని చేస్తున్న కుటుంబం ఉంది. ఆ యుద్ధాన్ని కుండల యుద్ధం అనడం కూడా వాడుకే. రసికుడి ఎంపికే గొప్పదనే వాదమూ, అనామక కుమ్మరి నిర్మలత్వమే గొప్పదనే వాదమూ, ఈ బలవంతపు ప్రయాణం దగ్గర మౌనం వహిస్తాయి.

అందుకే మూడో జవాబు దగ్గరికి, తాగిన పెదవుల దగ్గరికి వస్తాను.

చిక్కటి తేనీరు, కోయిచా, తాగే పద్ధతి ఇలా ఉంటుంది. ఆతిథ్యం ఇచ్చినవాడు ఒకే గిన్నెలో అందరికీ కలుపుతాడు. మొదటి అతిథి మూడు గుటకలు తాగి, అంచును తుడిచి, పక్కవారికి అందిస్తాడు. అదే గిన్నె, అదే అంచు. తాగాక గిన్నెను తిప్పి తిప్పి చూస్తారు, పాదం దగ్గర పూత ఎక్కడ ఆగిందో చూస్తారు, ఏ బట్టీదో దానికున్న పేరేమిటో అడుగుతారు. పరాయి ఎంగిలి ముట్టని ఇళ్ళలో పెరిగిన మనకు ఇది ఒక్క క్షణం ఇబ్బంది పెడుతుంది. మట్టి పీల్చుకుంటుంది, కడిగినా శుద్ధి కాదు, కనుక నోరు తగిలిన మట్టిపాత్ర పారేయాలి అన్నది మన నియమం. రైలు స్టేషన్ల కుల్హడ్ దాకా అదే నడిచింది. జపాన్‌లోనూ పూజల్లో వాడే పూత లేని మట్టి ప్రమిదలను ఒక్కసారి వాడి పారేసే ఆచారం ఉంది. తేనీటి వేడుక సరిగ్గా ఆ శుచి నియమాన్ని తలకిందులు చేసింది. పెదవులు తాకిన కొద్దీ గిన్నె విలువ పెరిగింది. 2020లో కరోనా వచ్చినప్పుడు తేనీటి వేడుక నేర్పే బళ్ళు ఆ పంచుకోవడాన్ని ఆపి, ఎవరి గిన్నె వారికి ఇచ్చే పద్ధతికి మారక తప్పలేదు. అలా మారడం వాళ్ళకు అంత కష్టమవడమే ఆ ఒక్క గిన్నె ఎంత ముఖ్యమో చెబుతుంది.

హగి గిన్నె దీనికి మంచి సాక్ష్యం. దాని మట్టి మెత్తన, పూత నిండా సన్న పగుళ్ళు. తేనీరు ఏళ్ళతరబడి ఆ పగుళ్ళలోకి ఇంకి రంగు మారుస్తూ పోతుంది. హగి వాళ్ళు దీన్ని ఏడు మార్పులని ప్రేమగా చెప్పుకుంటారు. కొట్లో ఉన్న హగి గిన్నె ఇంకా పూర్తి కానిది, కొన్నవాడు తాగి తాగి దాన్ని పూర్తి చేయాలి. పగిలిన గిన్నె కథా ఇంతే. టోక్యో జాతీయ మ్యూజియంలో బకోహన్ అనే సెలడాన్ గిన్నె ఉంది. అది బీటలిస్తే షోగున్ అషికగా యోషిమసా, ఇలాంటిదే ఇంకొకటి పంపమని చైనాకు పంపాడట. అంతటిది ఇప్పుడు దొరకదంటూ వాళ్ళు ఇనుప కొక్కేలతో కుట్టి తిప్పి పంపారు. కొక్కేలతో సహా అది మరింత పూజ్యమైంది. బంగారు గీతల కిన్‌త్సుగి గురించి ఈమధ్య అందరూ మాట్లాడుతున్నారు. బెంగళూరులో అరపూట తరగతుల్లో జిగురులో బంగారు రంగు పొడి కలిపి అతికిస్తున్నారు. అసలు పని ఉరుషి అనే చెట్టు పాలతో, వారాలతరబడి ఆరనిచ్చి చేసేది. కానీ ఏ జిగురుతో అతికినా, పగిలిన గిన్నెను పారేయకూడదనిపించడమే అక్కడ అసలు విషయం.

పెట్టె గురించి రెండు మాటలు చెప్పాలి. మంచి గిన్నెకు చెక్కపెట్టె ఉంటుంది. మూత మీద కుమ్మరి పేరో, ఏ తేనీటి గురువో గిన్నెకు పెట్టిన పేరో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో రాస్తారు. చోజిరో నల్ల గిన్నె ఒకదాని పేరు ఓగురో, పెద్ద నల్లది. ఈ పెట్టెల రాతల్లోంచే జపాన్ కుమ్మరానికి చరిత్ర వచ్చింది. మనకు అలాంటి రాత లేదు. మెచ్చుకోవడం మనకు రాదని కాదు, మనది వేరే రకం మెచ్చుకోలు. పెళ్ళిలో మేళతాళాలతో కుమ్మరి ఇంటికి వెళ్ళి తెచ్చుకునే అరివేణి కుండలు, తెలంగాణలో ఐరేని కుండలు, బోనమెత్తే కుండ, ఇంట్లో కూరాడు కుండ. వీటికి పసుపు, కుంకుమ, సున్నం బొట్లు పెట్టి దణ్ణం పెడతాం. ఆ క్షణంలో కుమ్మరి ఇల్లు ఊరంతటికీ ముఖ్యం. కొత్తదనమే వాటి పవిత్రత. ఏటా కొత్తది కావాలి కనుక కుమ్మరికి ఏటా పని ఉండేది. కానీ ఒక్క కుండకూ పేరు నిలవలేదు, ఒక్క చేతికీ వంశావళి రాయలేదు. తరాలు నిలిచిన మట్టిపాత్ర మన ఇళ్ళలో ఏదైనా ఉందంటే అది ఆవకాయ జాడీ. నోరు తగలనిది, మడి చెడనిది కనుకే నిలిచింది.

మట్టి ఎక్కడిదన్న ప్రశ్న బెళ్ళందూరులో అడిగితే మనసు చివుక్కుమంటుంది. బిజెన్ మట్టి వరిపొలాల అడుగు పొరల్లోంచి తవ్వుతారు. ఇనుము ఎక్కువ, వేడికి త్వరగా ఓర్చుకోదు, అందుకే పది పద్నాలుగు రోజులు ఎర్ర పైన్ కట్టెలతో మెల్లమెల్లగా కాలుస్తారు. పూత వేయరు, బూడిదే పూతవుతుంది. షిగరకి మట్టి లక్షల ఏళ్ళనాటి బీవా సరస్సు అడుగున పేరుకున్నది. మన కుమ్మరులదీ ఇదే విద్య, చెరువు మట్టే వాళ్ళ ముడిసరుకు. బెళ్ళందూరు చెరువు దాదాపు 900 ఎకరాలు, బెంగళూరులో అతిపెద్దది. 2015 నుంచి అందులో నురగ రోడ్ల మీదికి ఎగసింది, నీటి మీదే మంటలు లేచాయి. 2018 జనవరిలో మంటలార్పడానికి సైనికులు దిగాల్సి వచ్చింది. దశాబ్దాల మురుగు, ఫ్యాక్టరీల విషం కలిసిన ఆ పూడికలోంచి ఎవరూ నీళ్ళ కుండ చేయలేరు. ఇక్కడి స్టూడియోలు సంచుల్లో వచ్చే మట్టి వాడతాయి. పక్కనే సరస్సు ఉండీ ఆ మట్టి చేతికి రాని ఊళ్ళో సరస్సు మట్టి అందాన్ని దిగుమతి చేసుకుంటున్నాం.

జపాన్ పద్ధతి మన దేశానికి రెండు దారుల్లో వచ్చింది. సర్దార్ గురుచరణ్ సింగ్ 1919లో టోక్యోలో చదవడానికి వెళ్ళి, యానగి, కుమ్మరి హమదా, లీచ్‌ల స్నేహం సంపాదించుకుని 1922లో తిరిగొచ్చాడు. ఢిల్లీలో ఆయన నడిపిన బ్లూ పాటరీ ఉత్తరాదిలో ఒక తరాన్ని తయారుచేసింది. రెండోది మనకు దగ్గరి దారి. బిజెన్‌లో యమమొతో తోషూ దగ్గర నేర్చుకున్న డెబొరా స్మిత్, రే మీకర్‌తో కలిసి 1971లో పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ స్థాపించింది. ఎక్కువ వేడికి కాల్చే గట్టి స్టోన్‌వేర్‌ను దక్షిణాదికి అలవాటు చేసింది ప్రధానంగా వాళ్ళే. బెంగళూరు స్టూడియోల్లో కనిపించే బూడిదపూతల రుచి చాలావరకు ఆ ఇంటి నుంచి వచ్చిందే.

ఎదురు దిక్కున సాగిన ప్రయాణం గురించి మనవాళ్ళకు తెలియవలసినంత తెలియదు. డచ్చివారు 1605లో మచిలీపట్నంలో అడుగుపెట్టారు, 1609లో జపాన్‌లోని హిరాదోలో. కృష్ణా డెల్టాలో చిరివేరు ఎరుపుతో, కరక్కాయ కట్టు మీద ఇనుప నలుపుతో అద్దిన కలంకారీ గుడ్డలు కోరమాండల్ తీరం నుంచి నాగసాకి చేరాయి. జపాన్ వాళ్ళు వాటిని సరాసా అన్నారు. తేనీటి లోకం వాటిని ఎంతగా మోజుపడిందంటే, గజాల లెక్కన కట్టుకోవాల్సిన గుడ్డను జానెడు ముక్కలు చేసి, మాచా పొడి దాచే బుడ్డీలకు సంచులు కుట్టుకున్నారు, గిన్నెల పెట్టెలకు చుట్టుకున్నారు. హికొనె ప్రభువులు ఈఈ వంశం వాళ్ళు పోగుచేసిన 450 ముక్కలు ఇప్పుడు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. మట్టి బుడ్డీకి కుమ్మరి ఊరు తెలుసు, పెట్టెకు యజమాని పేరుంది. సంచీ గుడ్డను అద్దిన చేయి ఎవరిదో ఎక్కడా లేదు. గోల్కొండ కాలపు వర్తక పత్రాలూ ఆ ముక్కలూ పక్కపక్కన పెట్టి ఏ అద్దకం ఏ ఊరిదో తేల్చే పని తెలుగు విశ్వవిద్యాలయాలు చేపట్టాలి. ఆ 450 ముక్కల్లో మన తీరం చరిత్ర ఉంది.

ఇక బెంగళూరులో చేయగలిగింది. ఫ్రేజర్ టౌన్ దగ్గర పాటరీ టౌన్‌లో తరతరాల కుమ్మరి కుటుంబాలున్నాయి, మెట్రో స్టేషన్‌కూ ఆ పేరే పెట్టారు. దీపాలు, కుండలు, వినాయకుడి బొమ్మలు చేస్తారు. చక్రం మీద వాళ్ళ చేతికున్న వేగం, సమత్వం స్టూడియో గురువుల్లో చాలామందికి లేవు. వాళ్ళ బట్టీ వేడి స్టోన్‌వేర్‌కు చాలదు, తాగడానికి క్షేమమైన పూతల విద్య వాళ్ళకు అందలేదు. ఆ రెండూ స్టూడియోల దగ్గరున్నాయి. స్టూడియోల్లో తయారయ్యేది మళ్ళీ ఆంగ్లేయుల పిడి కప్పో, జపాన్ చవానో. మనం రోజూ తాగే పాలు కలిపి మరిగించిన టీకి, చిక్కటి ఫిల్టర్ కాఫీకి, స్టీలు గ్లాసు తప్ప మనదైన మట్టిపాత్ర ఇంకా పుట్టలేదు. చవాన్ వెడల్పు నోరు చిలికిన మాచాకు తగినది, మన టీ అందులో రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది, మీగడ కడుతుంది. మనకు ఇరుకు నోరు, మందమైన గోడ, వేలు కాలకుండా ఎత్తుకోవడానికి నడుము దగ్గర నొక్కు కావాలి. ఒక అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఇళ్ళవాళ్ళు కలిసి అలాంటి గిన్నె కావాలని పాటరీ టౌన్ కుమ్మరికి అడ్వాన్సు ఇచ్చి, ఏదో ఒక స్టూడియో బట్టీలో కాల్పించుకుని, అడుగున చేసినవారి పేరు చెక్కించుకుని, ఏడాది పాటు రోజూ తాగి, ఏది బాగుంది ఏది బాగాలేదని చెప్పి మళ్ళీ చేయించుకోవచ్చు. చోజిరో దగ్గర రిక్యూ చేసింది దాదాపు ఈ పనే.